ప్రైమర్ టప్‌మంటుంది, మందు ఆలస్యంగా అంటుకుంటుంది: తప్పు ప్రైమర్‌దా, బ్రీచ్ ప్లగ్‌దా?

గొట్టంబాబు:

అందరికీ నమస్తే. నాది .50 క్యాలిబర్ ఇన్‌లైన్ మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి మందు, గుండు దట్టించే తుపాకి), మధ్యకు విరిచి తెరిచే రకం. మందుని అంటించే చిన్న నిప్పు టోపీ, అంటే 209 ప్రైమర్‌తో పేలుతుంది. ఇన్నాళ్లూ పైరోడెక్స్ పెల్లెట్లు (మందు బిళ్లలు) వాడాను, ఎప్పుడూ గొడవ లేదు. ఈ సీజన్‌కి ముందు బ్లాక్‌హార్న్ 209 పొడి మందుకి మారాను. కొలపాత్రతో 100 గ్రెయిన్లు, అంటే తూకంలో 70 గ్రెయిన్లు పోస్తున్నాను. పైన సాబోతో (ప్లాస్టిక్ తొడుగుతో) బుల్లెట్.

మొదటి కొన్ని షాట్లు శుభ్రంగా పోతాయి. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కితే ముందు ప్రైమర్ "టప్" అంటుంది, ఒక క్షణం ఆగి అసలు పేలుడు. చిన్న సందే, కానీ చెవికి తెలుస్తోంది. ఆ సందులో తుపాకి కదిలిపోయి గుండు ఎక్కడికో పోతోంది. ఒకసారైతే ప్రైమర్ పేలి ఊరుకుంది, మందు అంటుకోనే లేదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. ఆ టెన్షన్ మళ్లీ వద్దు నాకు.

ఇంకో రెండు బాధలు. పేలిన ప్రైమర్ గూట్లో బిగుసుకుపోయి రావడం లేదు, గోటితో లాగితే అంచు మీద జారుతోంది. తెరిచి చూస్తే ప్రైమర్ చుట్టూ, ఫ్రేమ్ ముఖం మీద, స్కోప్ వెనక అద్దం దాకా మసి. రెండోది, గొట్టం వెనక చివరని మూసే మర, అదే బ్రీచ్ ప్లగ్, ఇదివరకు వేళ్లతో తిరిగేది, ఇప్పుడు పానా పడితే తప్ప కదలడం లేదు.

తెలిసినవాళ్లలో ఒకరు ఇంకా వేడి ప్రైమర్ పెట్టమన్నారు. అందుకే సీసీఐ 209ఎం పెట్టాను. ఆలస్యం కొంచెం తగ్గింది, మసి మాత్రం పెరిగింది. ఇంకొకరు ప్లగ్‌లో మంట వెళ్లే రంధ్రాన్ని, అదే ఫ్లాష్ హోల్‌ని, డ్రిల్‌తో కొద్దిగా పెద్దది చేస్తే మంట బాగా వెళ్తుందన్నారు. ఒకసారి పెద్దదైన రంధ్రం మళ్లీ చిన్నది కాదు కదా, అందుకే చెయ్యి రాలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, డ్రిల్ పెట్టనా వద్దా?

సెలవురోజు షికారీ:

నాకూ ఇలాగే అయ్యేది. ఫెడరల్ 209ఏకి మారాను, అంతే, మళ్లీ తిరిగి చూడలేదు. ముందు ఆ ప్రైమర్ ప్రయత్నించండి. డ్రిల్ గురించి నాకు తెలియదు.

మసిచేతులు:

డ్రిల్ మెషీన్ తీసి దాచెయ్ తమ్ముడూ. నువ్వు డబ్బు పెట్టి కొన్న ప్లగ్‌ని నువ్వే పాడుచేసుకుంటావు. ఫ్లాష్ హోల్ పెద్దదైతే ముందుకు వెళ్లే మంట సంగతి తర్వాత, వెనక్కి వచ్చే గ్యాస్ బాగా పెరుగుతుంది. నీకు ఇప్పటికే ఉన్న జబ్బు అదే.

నువ్వు రాసిన దాంట్లో అన్నిటికంటే విలువైన మాట స్కోప్ అద్దం మీద మసి. మజిల్‌లోడర్‌లో ఏ తేడా వచ్చినా నేను ముందు మసి ఎక్కడ పడిందో చూస్తాను, ఆ తర్వాతే ప్రైమర్ డబ్బా వైపు చూస్తాను. నీ మసి వెనక్కి వస్తోంది. అంటే మందుని అంటించాల్సిన మంటలో కొంత, మందు పేలాక పుట్టిన గ్యాస్‌లో కొంత, ప్రైమర్ పక్క సందులోంచి వెనక్కి తప్పించుకుంటున్నాయి. అలాంటప్పుడు వేడి ప్రైమర్ పెడితే ముందుకి కాస్త ఎక్కువ మంట వెళ్తుంది, వెనక్కి ఇంకా ఎక్కువ వస్తుంది. నువ్వు చూసింది అదే.

ప్లగ్ లోపల ఏముందో ఒకసారి ఊహించుకో. వెనక ప్రైమర్ కూర్చునే గూడు. దాని ముందు సన్నటి దారి, ఫ్లాష్ ఛానెల్ అంటాం. దాని చివర ఫ్లాష్ హోల్, కొత్త ప్లగ్‌లో సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. మందు పేలగానే వేల పీఎస్ఐ ఒత్తిడి ఆ రంధ్రం గుండా ప్రైమర్ మీదకి వస్తుంది. దాన్ని ఆపేది ప్రైమర్ లోహపు కప్పే. అది ఉబ్బి గూటి గోడకి అతుక్కోవాలి, వెనక ఫ్రేమ్ ముఖం దాన్ని కదలకుండా పట్టుకోవాలి. ప్రైమర్ వెనక ఖాళీ ఉంటే, హెడ్‌స్పేస్ ఎక్కువైందంటాం, ప్రైమర్ ముందు వెనక్కి తన్నుకుంటుంది, ఆ తర్వాత ఉబ్బుతుంది. ఈలోపు గ్యాస్ పక్కనుంచి పోయి మసి పూస్తుంది. వెనక్కి జరిగి ఉబ్బిన కప్పు, మసి పట్టిన గూట్లో బిగుసుకుంటుంది. నీ గోటికి రానిది అందుకే. అంటే మసి, ఇరుక్కోవడం రెండూ ఒకే కారణం నుంచి వస్తున్నాయి.

ఇక మొదటి కొన్ని షాట్లు బాగుండి తర్వాత ఆలస్యం ఎందుకు? ఫ్లాష్ ఛానెల్‌లో కార్బన్. బ్లాక్‌హార్న్ గొట్టంలో పెద్దగా మురికి వదలదు కానీ, ప్లగ్ దారిలో గట్టి నల్ల పొర కడుతుంది, గిన్నె అడుగున మాడు పట్టినట్టు. పైప్ క్లీనర్ దాని మీద జారిపోతుంది తప్ప ఊడదీయదు. దారి ఇరుకైన కొద్దీ మంట సన్నబడుతుంది. దీనికి ఒక డ్రిల్ బిట్ కావాలి, మెషీన్ వద్దు. చాలా ప్లగ్‌లకి 1/8 అంగుళం బిట్ సరిపోతుంది. శుభ్రంగా ఉన్న ఛానెల్‌లో బిట్ వదులుగా దిగాలి, పట్టుకుంటే అది నీ సైజు కాదు. వేళ్లతో మెల్లగా తిప్పు, నల్లటి పొడి రాలుతుంది. మెరిసే లోహపు తురుము కనిపిస్తే ఆపెయ్. బిట్ మొన ఛానెల్ చివర ఆగాలి, ఫ్లాష్ హోల్ జోలికి వెళ్లకూడదు. హోల్‌కి సన్నటి తీగ లాంటిది ఏదైనా చాలు, అదీ దూర్చి తీయడమే, గీకడం కాదు.

హోల్ అరిగిందో లేదో చూడటానికి కూడా బిట్లే గేజ్. 1/32 అంగుళం బిట్ అంటే 0.79 మిల్లీమీటర్లు. దాని నున్నటి కాడ వైపు దూర్చి చూడు. అది బిగుతుగా పట్టినా, అసలు దూరకపోయినా మంచిదే. 1 మిల్లీమీటర్ బిట్ కాడ సులువుగా దూరిపోతుంటే ఆ ప్లగ్ ఆయుష్షు తీరింది, కొత్తది పెట్టు. వేడి గ్యాస్ ఆ రంధ్రాన్ని షాట్ షాట్‌కీ కొంచెం కొంచెం తినేస్తూనే ఉంటుంది.

పెల్లెట్లతో ఇవేవీ ఎందుకు తెలియలేదంటే, పైరోడెక్స్ పెల్లెట్ ఒక చివర బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకిమందు) పూత ఉంటుంది. ఆ ముదురు రంగు వైపు ప్రైమర్ వైపుకి పెడతాం కదా. బ్లాక్ పౌడర్ చిన్న నిప్పుకే అంటుకుంటుంది, కాబట్టి బలహీనమైన మంటతో కూడా పని గడిచిపోయింది. లోపం అప్పుడూ ఉండి ఉండొచ్చు, బయటపడలేదంతే. బ్లాక్‌హార్న్‌లో నైట్రోసెల్యులోజ్ ఉంది, దానికి వేడి మంట కావాలి, పైనుంచి బుల్లెట్ బిగువు కూడా కావాలి. సాబో వదులుగా దిగుతుంటే ఒత్తిడి నిలవదు, మందు సగం మనసుతో కాలుతుంది. రామ్‌రాడ్‌తో దట్టించేటప్పుడు గుండు దారి పొడవునా గట్టిగా దిగాలి, అడుగున మందు మీద గట్టిగా ఒత్తాలి.

ఈ మాట చదివి ఎవరూ నైట్రోసెల్యులోజే కదా అని తూటాల్లో వాడే మామూలు స్మోక్‌లెస్ మందు పోయకండి. దానికోసం ప్రత్యేకంగా తయారైన తుపాకులు వేరు. మిగతావాటిలో గొట్టం పగిలిపోతుంది, వేళ్లు పోతాయి.

ఇంకొకటి చూడు. నీ ప్లగ్ ముందు ముఖం చదునుగా ఉందా, గిన్నెలా లోతుగా ఉందా? పెల్లెట్ల కోసం చేసిన కొన్ని ప్లగ్‌లకి లోతైన గుంట ఉంటుంది. పొడి మందుకి వేరే ప్లగ్ అమ్మే తయారీదారులు ఉన్నారు. నీ మోడల్‌కి అలాంటిది ఉంటే దానికి పెట్టిన డబ్బు దండగ కాదు.

కొలతలపిచ్చి:

మసిచేతులు గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఖాళీ ఉందనుకోవడం కాదు, ఎంత ఉందో కొలవండి.

ముందు తుపాకి ఖాళీ అని రామ్‌రాడ్ గుర్తుతో చూసుకోండి. ఖాళీ గొట్టంలో అడుగుకి తగిలినప్పుడు మూతి దగ్గర రాడ్ మీద ఒక గీత, మందూ గుండూ ఉన్నప్పుడు ఇంకో గీత గీసి పెట్టుకుంటే ఎప్పుడూ సందేహం ఉండదు. తర్వాత ప్లగ్ గూడు శుభ్రం చేసి పేలిన ప్రైమర్ ఒకటి పెట్టండి. తల ఉబ్బినవి వద్దు, చదునుగా ఉన్నదాన్ని ఏరుకోండి. కొత్త ప్రైమర్‌తో మాత్రం ఈ పని చేయొద్దు, అది పేలే వస్తువు. ప్రైమర్ తల మీద పారదర్శక టేప్ గుండ్రంగా కత్తిరించి ఒక పొర అంటించి, తుపాకి మూసి చూడండి. పట్టు తగలకపోతే ఇంకో పొర. మూసేటప్పుడు వేలికి కొద్దిగా పట్టు తగిలేదాకా ఇలాగే. మామూలు టేప్ పొర దాదాపు 0.05 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ దగ్గర వెర్నియర్ ఉంటే మీ టేప్‌ని కొలిచేయండి. పొరల సంఖ్యతో గుణిస్తే అదే మీ ఖాళీ. టేప్ కొలవడానికే, దాంతో పేల్చకండి.

ఈ ఖాళీ ప్రైమర్ కంపెనీని బట్టి కూడా మారుతుంది. అన్నిటికీ 209 అనే పేరున్నా అంచు మందంలో, పొడవులో చిన్న చిన్న తేడాలుంటాయి. నాలుగు రకాలు తెచ్చి వెర్నియర్‌తో కొలిచి పట్టిక రాసుకున్నాను, ఇంట్లోవాళ్లు నవ్వారు. సెలవురోజు షికారీ గారికి ప్రైమర్ మార్చగానే బాగయ్యిందంటే వేడి వల్ల కాకపోవచ్చు, ఆ ప్రైమర్ ఆయన తుపాకిలో బిగువుగా కూర్చుని ఉండొచ్చు.

ఖాళీ తగ్గించడానికి మార్గాలు మూడు. మీ తుపాకికి సరిగ్గా పట్టే ప్రైమర్ ఎంచుకోవడం. అంచు కింద సన్నటి ఓ-రింగ్ (రబ్బరు వలయం) వేయడం, అదీ గూట్లో దానికి చోటున్న ప్లగ్ అయితేనే. లేదా పొడవు సర్దుకునే ప్లగ్ దొరికితే అది పెట్టడం. ప్లగ్ భుజం కింద వాషర్ పెట్టి ప్లగ్‌నే వెనక్కి జరిపేవాళ్లున్నారు. తయారీదారు ఇస్తే తప్ప అలా చేయకండి. ప్లగ్ ముందు భాగం గొట్టంలో ఆనుకుని గ్యాస్‌ని ఆపేలా చేసినవి చాలా ఉన్నాయి. వాటిని వెనక్కి జరిపితే ఆ అడ్డు పోయి గ్యాస్ మరల్లోకి వస్తుంది.

మరీ బిగుతు కూడా ప్రమాదమే. అసలు ప్రైమర్ పెట్టినప్పుడు తుపాకి బలవంతంగా మూయాల్సి వస్తుంటే ఆపేయండి.

గొట్టంబాబు:

అన్నా, ప్లగ్ విప్పి చూశాను. మీరు చెప్పినట్టే 1/8 బిట్ సగం దాకా కూడా దిగలేదు. వేళ్లతో తిప్పుతుంటే నల్లటి పెంకులు ఊడాయి. ఆశ్చర్యం ఏంటంటే, ప్రతిసారీ వేడి సబ్బునీళ్లలో నానబెట్టి కడుగుతున్నాను, అయినా ఇంత ఉంది. హోల్‌లో 1/32 బిట్ కాడ బిగువుగా పట్టింది, కాబట్టి ప్లగ్ బాగానే ఉన్నట్టుంది. ముఖం కూడా చదునే. టేప్ పరీక్షలో సీసీఐకి ముందు వాడిన రకం ప్రైమర్ మీద నాలుగు పొరలు పడితేగానీ పట్టు రాలేదు. సీసీఐకి మూడు.

ప్లగ్ విప్పడానికి మాత్రం చాలా కష్టపడ్డాను. దాని మరలకి ఏం పూయాలి?

మసిచేతులు:

నీళ్లు పెల్లెట్లకి, బ్లాక్ పౌడర్‌కి. వాటి మురికిలో ఉప్పులుంటాయి, నీళ్లలో కరుగుతాయి. బ్లాక్‌హార్న్ కార్బన్ నీళ్లకి లొంగదు, గొట్టాలు శుభ్రం చేసే మామూలు సాల్వెంట్ కావాలి. ప్లగ్‌ని అందులో కాసేపు నానబెట్టి అప్పుడు బిట్ తిప్పితే పని సులువు. నీళ్లతో కడిగినప్పుడు మరల్లో తడి మిగిలితే తుప్పు పడుతుంది, నీ ప్లగ్ బిగుసుకోవడంలో దాని పాత్ర కూడా ఉండొచ్చు.

మరలకి యాంటీ సీజ్ గ్రీజు, అంటే మరలు పట్టేయకుండా ఆపేది. నికెల్‌ది, రాగిది ఏదైనా పర్లేదు, మామూలు తుపాకి నూనె ఆ వేడికి కాలిపోతుంది. పలుచగా పూయి, ముందు ముఖానికి అంటనీయకు, అక్కడుంటే మందులోకి దిగుతుంది. కొందరు టెఫ్లాన్ టేప్ చుడతారు, అదీ పనిచేస్తుంది. నాకు నచ్చదు, ముక్కలు మరల్లో మిగులుతాయి. బిగించేటప్పుడు చేతి బలంతో ఆనితే చాలు, పానాతో మెలిపెట్టకు. ప్లగ్ గ్యాస్‌ని ఆపేది తన ఆనుడుతో, నీ భుజబలంతో కాదు. కాల్చిన రోజే విప్పెయ్, మర్నాటికి వదిలేస్తే అదే పని రెండింతలవుతుంది.

ఇంత చేసినా ఎప్పుడైనా పూర్తిగా పట్టేస్తే కటింగ్ ప్లేయర్‌తో గిల్లకు, తల గుండ్రమైపోతుంది. గొట్టం ఖాళీ అని రాడ్‌తో చూసి, కట్టె నుంచి విడదీసి, బ్రీచ్ కింద ఉండేలా నిలబెట్టి మూతిలోంచి కూడా పెనెట్రేటింగ్ ఆయిల్ పొయ్యి. రాత్రంతా వదిలెయ్. పొద్దున్న దాని అసలు సాకెట్‌తోనే తిప్పు, గొట్టాన్ని చెక్కల మధ్య వైస్‌లో పట్టించి. లోపల మందు ఉండగా ప్లగ్ పట్టేస్తే అది వేరే కథ, వేడి చేయడం లాంటివి తలపెట్టకుండా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లు.

చలిపొద్దు:

మరో కోణం. గొట్టంబాబు గారూ, మీ పేలిన ప్రైమర్ల మీద ఫైరింగ్ పిన్ గుంట ఎలా ఉంది? లోతుగా, మధ్యలో ఉంటే సరే. లోతు తక్కువగా ఉంటే పిన్ దారిలో ముదిరిన గ్రీజు ఉండొచ్చు. నాకు చలిలోనే మిస్‌ఫైర్లు వచ్చేవి, ఎండలో ఒక్కటీ లేదు. పిన్ విప్పి గ్రీజంతా తుడిచి దాదాపు పొడిగా పెట్టాక పోయాయి. ప్రైమర్ వెనక ఖాళీ ఎక్కువున్నా పిన్ దెబ్బ తేలిపోతుంది, ప్రైమర్ ముందుకి జరగడంలోనే సగం బలం పోతుంది.

వేటకి బయల్దేరే ముందు నేనొక పరీక్ష చేస్తాను. రామ్‌రాడ్ చివర గుడ్డ పట్టుకునే ముక్కకి, అదే జాగ్‌కి, పొడి గుడ్డముక్క తొడిగి అడుగుదాకా దించి, అలాగే ఉంచి ఒక ప్రైమర్ పేలుస్తాను. గుడ్డ మధ్యలో కాలిన మచ్చ పడితే దారి తెరిచి ఉన్నట్టు.

కొలతలపిచ్చి:

చలిపొద్దు గారూ, పరీక్ష మంచిదే, కానీ రాడ్ లోపల ఉంచి పేల్చొద్దు. 209 ప్రైమర్ ఒక్కటి చాలు రాడ్‌ని మూతి నుంచి బయటికి విసరడానికి. గుడ్డని అడుగున వదిలేసి రాడ్ బయటికి తీసి, గొట్టం సురక్షితమైన వైపు పెట్టి పేల్చండి. తర్వాత ప్యాచ్ పుల్లర్‌తో గుడ్డ లాగండి, లేదా అదే మూతిలోంచి ఎగిరి వస్తుంది. నూనె ఉంటే అదీ గుడ్డకి అంటుతుంది.

చలిపొద్దు:

నా రాడ్ ఎప్పుడూ ఎగరలేదు, కాస్త లేచింది అంతే. అయినా మీ మాటే సరైనది, ఇకనుంచి తీసేస్తాను. ఆ గుడ్డ మీద నూనె గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అల్మారాలో నిలబెట్టిన తుపాకిలో నూనె కిందికి జారి ఫ్లాష్ హోల్ దగ్గర చేరుతుంది. మందు పోసేముందు సాల్వెంట్ గుడ్డ, తర్వాత పొడి గుడ్డలు, ఆ తర్వాతే ప్రైమర్ పరీక్ష.

గొట్టంబాబు:

ఫైరింగ్ పిన్ గుంటలు లోతుగానే ఉన్నాయి, కాబట్టి అది కాదు. ఓ-రింగ్‌కి నా గూట్లో చోటు లేదు. వేరే కంపెనీ ప్రైమర్ ఒకటి టేప్ లేకుండానే కొద్దిపాటి పట్టుతో మూసుకుంటోంది, దాంతోనే కాల్చి చూశాను. ఆలస్యం పోయింది. ప్రైమర్ గోటితో లాగితే వచ్చేస్తోంది. మసి పూర్తిగా పోలేదు, ప్రైమర్ తల చుట్టూ సన్నటి వలయంలా ఉంటోంది, స్కోప్ మీద మాత్రం ఏమీ లేదు. ఆ వలయం ఫర్వాలేదా? ఎన్ని షాట్లకోసారి బిట్ తిప్పాలి?

మసిచేతులు:

ఆ సన్నటి వలయం ఉంటుంది, దాని గురించి నిద్ర పాడుచేసుకోకు. ప్రైమర్ పక్కల మీద మసి మళ్లీ కనిపించినా, అంచు దాటి ఫ్రేమ్ మీదకి పాకినా అప్పుడు గూడు శుభ్రం చేసి, టేప్ పరీక్ష మళ్లీ పెట్టు.

బిట్ లెక్కకి రూలేమీ లేదు. కాల్చిన ప్రతి రోజూ చివర్లో ఒకసారి తిప్పు. ఎక్కువ కాల్చే రోజున మధ్యలో కూడా ఒకసారి, చల్లారనిచ్చి, గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు. ఆ బిట్‌ని ఒక కార్క్ ముక్కలో గుచ్చి ప్రైమర్ల డబ్బాలో కాక క్లీనింగ్ సంచిలో పెట్టుకో. కొత్త ప్లగ్ ఒకటి కూడా కొనిపెట్టుకో, ఇప్పుడున్నది బాగానే ఉన్నా షాట్ షాట్‌కీ కొంచెం అరుగుతూనే ఉంటుంది. పాతదాన్ని ప్రాక్టీసుకి ఉంచుకో, కొత్తది వేటకి.